ఆమె పేరున వేసిన రిటర్న్

ప్రతి నెలా ఒకటో తేదీన ఆమె మా ఇంటికి పనికి ఆలస్యంగా వచ్చేది. మేము ఏమీ అనేవాళ్లం కాదు. ఆ రోజు పొద్దున్నే సచివాలయం ఉద్యోగిని వాళ్ల వీధిలో ఇల్లిల్లూ తిరిగి పింఛన్లు ఇస్తుంది. అది తీసుకొని, అందులోంచి ఒక నోటు చర్చి కానుక కవరులో పెట్టి, మిగిలింది దాచి, అప్పుడు వచ్చేది. భర్త పోయిన మరుసటి ఏడాది నుంచి ఆమెకు వస్తున్న వితంతు పింఛను అది.

రెండేళ్ల కిందట, చలి మొదలైన రోజుల్లో, ఒక ఒకటో తేదీన ఆమె ఆలస్యంగా రాలేదు. మామూలు వేళ కంటే ముందే వచ్చి మేడమీది గదులు ఊడుస్తోంది. నేను మెట్ల దగ్గర నిలబడి అడిగాను.

"ఏమ్మా, ఈ పొద్దు తొందరగా వచ్చినావే. పింఛను ఇచ్చిపోయినారా?"

"లేదు సార్. లిస్టులో నా పేరే లేదంట."

"ఎందుకంట?"

"నేను ఇన్‌కంటాక్సు కడతాండానంట." చీపురు గోడకు ఆనించి నవ్వింది. "సూడండి సార్, ఎంత గొప్పదాన్ని అయిపోయినానో. తల్లీ, ఇంట్లో కందిబ్యాళ్లు నిండుకొని మూడు దినాలయింది, నేను యాడ కట్టేది ట్యాక్సు అని సెప్పినా ఆ పాపకు. కంప్యూటర్లో అట్లే ఉండాదంట, ఆయమ్మ మాత్రం ఏం జేస్తాది."

ఆమె నవ్వుతూనే ఉంది. అది తప్పు లెక్క అనీ, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందనీ ఆమె నమ్మకం. నాకు మాత్రం ఆ నమ్మకం లేదు. అది తప్పు లెక్క కాదని తెలిసిన మనిషిని ఆ ఊళ్లో నేనొక్కణ్నే.

"కనుక్కుందాంలే" అని కిందికి దిగి వచ్చాను. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఆమె పింఛను ఆగింది. కారణం తెలియదు." చిన్నప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. అందులో తెలిసి రాసిన అబద్ధం అదే మొదటిది.

నేను కాలువల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కోయిలకుంట్ల వైపు కొన్నేళ్లు, మైదుకూరు వైపు కొన్నేళ్లు, చివరికి జమ్మలమడుగులో ఇల్లు కట్టుకొని స్థిరపడ్డాను. ఉద్యోగంలో నా ముఖ్యమైన పని పొద్దున ఆరింటికి తూము దగ్గర గేజిరాయి మీద నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసి రిజిస్టరులో రాయడం. నీళ్లు తక్కువైన ఏడాది ఆ అంకె మీదే పై ఊళ్లవాళ్లకూ కింది ఊళ్లవాళ్లకూ తగాదాలు. "కాలువ సారు రాసిన అంకె అంటే అంకె" అనేవాళ్లు రెండువైపులవాళ్లూ. ఆ పేరు నాకు జీతం కంటే ఎక్కువ.

ఆ రిజిస్టరుకు ఒక నియమం ఉండేది. తప్పు అంకె రాస్తే రబ్బరుతో చెరపకూడదు, సిరా పూసి కప్పకూడదు. దాని మీద ఒకే ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పొడి సంతకం పెట్టాలి. కింద ఉన్న తప్పు కూడా చదవడానికి రావాలి. నా సొంత డైరీల్లోనూ అదే పాటించాను.

కూతురి పెళ్లికి వచ్చే చుట్టాల కోసం మేడమీద రెండు గదులు వేయించాము. పెళ్లి అయ్యాక అవి ఖాళీ. ఈలోగా గండికోట లోయ చూడటానికి బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ జనం రావడం ఎక్కువైంది. శుక్రవారం రాత్రికి దిగుతారు, సూర్యోదయం కోసం చీకటితోనే కోటకు పోతారు, వచ్చి నిద్రపోతారు, ఆదివారం వెళ్లిపోతారు. మా వీధి చివర ఫోటోస్టాట్ అంగడి యజమాని గదులకు ఫోటోలు తీసి, రోజు బాడుగకు ఇళ్లు ఇచ్చే ఒక వెబ్‌సైటులో పెట్టించాడు. నా భార్య పొద్దునపూట బొరుగులతో ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టేది. పనికి వచ్చే ఆమె గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికి, బకెట్లు నింపేది. వచ్చినవాళ్లు వెబ్‌సైటులో నా గురించి రెండు ముక్కలు రాస్తే, ఆమె గురించి నాలుగు రాసేవాళ్లు.

వెబ్‌సైటువాళ్లు పాన్ నంబరు, బ్యాంకు ఖాతా అడిగినప్పుడు నేను వెంటనే నావి ఇవ్వలేదు. పొద్దున నాతోపాటు హైస్కూలు మైదానంలో నడిచే స్నేహితుడొకడు ట్రెజరీలో చేసి రిటైరయ్యాడు. అతన్ని అడిగాను.

"ఏమప్పా, ఇంత సదివినోడివి, ఇదీ నేను సెప్పల్లనా?" అన్నాడు. "నీకు పెన్షనొస్తాది. దాని మీద ఈ బాడుగ కలిస్తే పన్ను పడతాది. ఆదాయం లేనోళ్లు ఎవురుంటే వాళ్ల పేరున పెట్టు. రూపాయి కట్టే పన్లేదు."

"మా ఇంటామె పేరున పెడితే?"

"ఇల్లు నీది. పెండ్లాం పేరున పెట్టినా మల్లా నీ దాంట్లోనే కలుపుతారు. బయటోళ్లు కావల్ల. లోకమంతా సేసేదే లేప్పా, నువ్వొగనివే హరిశ్చంద్రునివా?"

నేను హరిశ్చంద్రుణ్ని అని అప్పటిదాకా లోలోపల అనుకుంటూనే ఉన్నాను. అయినా ఇంటికి వచ్చి, స్నానం చేసి, డైరీ తెరిచి ఒక పట్టిక రాశాను. ఎవరి పేరున పెట్టవచ్చో ముగ్గురి పేర్లు, ఒక్కొక్కరి ఎదుట గుణదోషాలు. మొదటి ఇద్దరు చుట్టాలు. ఒకరి ఎదుట "అప్పులున్నాయి" అనీ, ఇంకొకరి ఎదుట "నోరు నిలవదు" అనీ ఉంది. మూడోది ఆమె పేరు. ఎదుట మూడు ముక్కలు: "నమ్మకస్తురాలు. పాన్ కార్డు ఉంది. ప్రశ్నలు వేయదు."

పాన్ కార్డు ఎప్పుడో మహిళా సంఘం లోను కోసం తీసుకున్నది. మిషను బడిలో ఐదు దాకా చదివింది. బైబిలు రోజూ చదువుతుంది, సంతకం చక్కగా పెడుతుంది. కాగితాలు ముందు పెట్టినప్పుడు మాత్రం అడిగింది.

"నా పేరెందుకు సార్? అమ్మ పేరు పెట్టరాదా?"

"అమ్మకు ఇయన్నీ తెలీవు. నీ ఖాతాలో దుడ్లు వస్తా పోతా ఉంటే బ్యాంకులో మంచి పేరొస్తాది. రేపు సంఘం లోను ఎక్కువిస్తారు."

"మీరు సెప్తే సరే సార్."

ఆమె పాసుబుక్కు, కార్డు నా బీరువాలో నా డైరీల పక్కన పెట్టుకున్నాను. డబ్బు పడినప్పుడల్లా నేనే పోయి తీసేవాణ్ని. ఆమె జీతం ఆమెకు ఇచ్చేవాణ్ని, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా. అందుకని నేను న్యాయంగానే ఉన్నానని అనుకునేవాణ్ని. ఆమె సంతకం పెట్టిన రోజు డైరీలో "పని సులువుగా జరిగింది" అని ఉంది.

అంతటితో ఆగి ఉంటే బహుశా ఎవరికీ తెలిసేది కాదు. నా పద్ధతే నన్ను పట్టించింది. ఆమె పాన్‌కు ఆధార్ జోడించి లేదు. అలాంటి పాన్‌కు వెబ్‌సైటువాళ్లు పన్ను కింద మామూలు కంటే ఎక్కువ కోసి మిగిలింది పంపుతారు. నెల నెలా వచ్చే పట్టీలో ఆ కోత నాకు కంట్లో నలుసులా కనిపించేది. పెద్ద మొత్తం కాదు. కానీ రావలసినది వదిలేయడం నాకు అలవాటు లేదు. నెట్ సెంటరుకు పోయి ఆధార్ జోడింపించాను. జులైలో, ఆమె పేరున ఆదాయపు పన్ను రిటర్న్ వేయించాను. పన్ను ఏమీ కట్టనక్కరలేదు, కోసిన సొమ్ము వెనక్కి ఇవ్వండి అని.

ఆ రోజు ఆమె ఫోనుకు ఒక నంబరు వస్తుంది, చెప్పమన్నాను. పైన దుప్పట్లు ఉతుకుతోంది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ దిగి వచ్చి, ఒక్కొక్క అంకే చదివింది.

"ఎందుకు సార్ ఈ నెంబరు?"

"బ్యాంకుదిలేమ్మా."

సొమ్ము వెనక్కి వచ్చింది. దాంతో గదులకు రెండు కొత్త దుప్పట్లు కొన్నాను. వాటిని ఉతికేదీ ఆమే.

ఆదాయపు పన్ను రిటర్న్ వేసినవాళ్ల జాబితా ఒకటి ఉంటుందనీ, అది పింఛన్ల జాబితాతో పోల్చి చూస్తారనీ నాకు అప్పుడు తెలియదు. ఈ మాట నిజం. ఒకటో తేదీన ఆమె మెట్ల మీద చెప్పిన క్షణంలో తెలిసింది. ఆ తర్వాత ఏమీ చేయకుండా కూర్చున్న రోజులకు మాత్రం నా దగ్గర ఏ నిజమూ లేదు.

ఆమె సచివాలయానికి తిరిగింది. మీసేవకు తిరిగింది. చర్చి పెద్దను వెంటబెట్టుకొని మండలాఫీసుకు పోయింది. అడిగినప్పుడల్లా నేను సెలవు ఇచ్చాను. "పోయిరా పో, జీతం పట్టుకోములే" అన్నాను, పెద్ద ఉదారుణ్నైనట్టు. ఆటో ఖర్చులకు ఇస్తే తీసుకుంది. "మీరుండబట్టి సరిపోయింది సార్" అంది. ఆ మాట డైరీలో రాయలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె మండలాఫీసులో ఇచ్చిన కాగితం పట్టుకొని వచ్చింది. "సార్, ఇది ఇంగిలీషులో ఉండాది, సదివి సెప్పండి" అని నా చేతికి ఇచ్చింది. నా భార్య బియ్యం ఏరుతూ అక్కడే ఉంది. కాగితంలో ఆమె పాన్ నంబరు, వేసిన రిటర్న్, ఏ సంస్థ ఎంత కోసిందో అన్నీ ఉన్నాయి. నేను చదివాను. మళ్లీ చదివాను.

నా భార్య లేచి వచ్చి, నా ముక్కు మీది కళ్లద్దాలు తీసుకొని తను పెట్టుకుంది. మా ఇద్దరికీ ఒకే నంబరు.

"ఇదేందయ్యా? మన గదుల బాడుగ ఈయమ్మ పేరున ఉండాది?"

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను. ఆమె కూడా నిలబడే వింది. మా ఇంట్లో ఆమె కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు, మేము కూర్చోమని అనలేదు. అది కూడా ఆ రోజే నాకు కనిపించింది.

"ఆ పొద్దు నెంబరు సెప్పించుకున్యారే, అదేనా సార్?"

"అదే."

"నా పింఛను పోతాదని తెల్సునా మీకు?"

"లేదమ్మా. ఒట్టు. తెలీదు."

"పోయినాక?"

"తెల్సింది."

"తెల్సి ఎన్ని దినాలయింది?"

"ఇరవై రెండు" అన్నాను. అంత కచ్చితంగా చెప్పగలగడం నాకే అసహ్యంగా అనిపించింది.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నేను ఏదో ఒకటి సమాధానం చెప్పుకునేవాణ్ని. "నా కార్డు, బుక్కు ఇయ్యండి సార్" అంది. బీరువా తీసి ఇచ్చాను. కార్డును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. దాన్ని అంత దగ్గరగా చూడటం ఆమెకు అదే మొదటిసారి అయివుంటుంది. పైన సగం ఆరేసిన దుప్పట్లు అలాగే వదిలి వెళ్లిపోయింది.

"పో" అంది నా భార్య. "పోయి మిగతావి నువ్వే పిండుకో. దినామూ రాస్తావు గదా పుస్తకాలు పుస్తకాలు. ఇది గుడకా రాసుకో."

మరుసటి వారం ప్రొద్దుటూరులో ఒక ఆడిటరు దగ్గరికి పోయాను. సంచీలో నాలుగేళ్ల డైరీలు పెట్టుకొని పోయాను. నా కంటే చాలా చిన్నవాడు. ఓపికగా విన్నాడు. ఇల్లు నాది, గదులు నావి, కాబట్టి బాడుగ ఎవరి ఖాతాలో పడినా ఆదాయం నాదే అన్నాడు. నెల బాడుగకు ఇల్లు ఇవ్వడం ఒక రకం. రోజు లెక్కన ఇస్తూ, దుప్పట్లు మార్చి, ఊడ్చి, టిఫిను పెడుతుంటే అది వ్యాపారం కిందికి వస్తుంది. వ్యాపారంలో వచ్చినదంతా ఆదాయం కాదు. పనిమనిషి జీతం, నీళ్ల ట్యాంకరు, కరెంటు, సబ్బు, వెబ్‌సైటు కమీషను, మంచాలూ పరుపులూ పాతబడిపోవడం, ఇవన్నీ తీసేయగా మిగిలిందే ఆదాయం. దాని మీదే పన్ను.

"కాకపోతే ఈ ఖర్చులన్నీ ఎవురూ రాసి పెట్టుకోరు, అదీ బాధ" అంటూ నా డైరీ ఒకటి తెరిచాడు. కాసేపు పేజీలు తిప్పాడు. ట్యాంకరు వచ్చిన ప్రతి రోజూ అందులో ఉంది. సబ్బుకట్టల ధర ఉంది. మార్చిన బల్బులు కూడా ఉన్నాయి.

"పెద్దాయనా, ఇట్ల రాసినోళ్లను నేను సూళ్లేదు. ఇయి సూపిచ్చి మీ పేరునే వేసింటే మీకు పడే పన్ను శానా తక్కువ. ఈ తిప్పలన్నీ దేనికి పడినారు?"

అతను ఒక కాగితం మీద వేసి చూపించాడు. నాకు పడే పన్ను, మేము అతిథుల ఉగ్గానికి ఏడాదిలో కొన్న బొరుగుల ఖర్చు కంటే కొంచెం ఎక్కువ, అంతే. పెద్ద మొత్తం కోసం తప్పు చేసి ఉంటే కనీసం ఆశకు లొంగాను అని చెప్పుకోవచ్చు. ఇంత కొంచెం కోసం, రోజూ నా కళ్ల ముందు తిరిగే మనిషి పేరు వాడుకున్నాను.

గడిచిన ఏళ్లకు సరిదిద్దిన రిటర్న్‌లు నా పేరున వేసి, అదనపు పన్నూ వడ్డీ కట్టాలన్నాడు. ఆమె పేరున వెనక్కి తెప్పించిన సొమ్ము తిరిగి కట్టాలన్నాడు. నోటీసు వస్తే జవాబు చెప్పుకోవాలన్నాడు. అన్నిటికీ సరే అన్నాను. కానీ పింఛను సంగతి తన చేతిలో లేదన్నాడు. ఆ ఆదాయం ఆమెది కాదని, అది ఎవరిదో ఆ మనిషే పోయి మండలాఫీసులో చెప్పాల్సిందేనన్నాడు.

ఆ తర్వాతి ఒకటో తేదీన, పింఛనంత సొమ్ము కవరులో పెట్టుకొని వాళ్ల వీధికి పోయాను. అన్నేళ్లలో ఆమె ఇంటికి పోవడం అదే మొదలు. చర్చి వెనక రెండో సందు అని ఒకరిని అడగాల్సి వచ్చింది. ఆమె వాకిట్లో కూర్చొని శనక్కాయలు ఒలుస్తోంది. నాకు కుర్చీ తెచ్చి వేసింది.

కవరు చూపించాను. తీసుకోలేదు.

"మీ దుడ్లు నాకెందుకు సార్? అది మా ఆయప్ప సచ్చిపోయినాక గవర్నమెంటోళ్లు ఇచ్చింది. మీరెట్ల ఇస్తారు దాన్ని?"

"మల్లా వచ్చేదాకా అన్నా..."

"వచ్చేమాదిరి సేయండి. సోమవారం అర్జీలు తీసుకుంటారు. మీరే వచ్చి, మీ సేత్తో రాసియ్యండి. మీ రాత బాగుంటాది గదా."

ఆ రాత్రి అర్జీ రాశాను. నాలుగుసార్లు రాసి చించి, ఐదోది ఉంచుకున్నాను. సోమవారం పొద్దున మండలాఫీసు వరండాలో ఆమెకు ఇచ్చాను. తెలుగులోనే రాశాను కాబట్టి ఆమె నెమ్మదిగా, పెదవులు కదుపుతూ చదివింది. ఒకచోట ఆగింది.

"‘పొరపాటున ఈమె పేరున పెట్టితిని’ అని రాసినారు."

"అవును."

"పొరపాటా సార్ అది?"

కొత్త కాగితం తెచ్చుకునే వీలుంది. పక్కనే అంగడి ఉంది. నేను జేబులోంచి పెన్ను తీసి, ‘పొరపాటున’ మీద ఒకే గీత గీశాను. పైన ‘పన్ను తప్పించుకొనుటకు, తెలిసి’ అని రాసి, పొడి సంతకం పెట్టాను. ఆమె మళ్లీ చదివి, ఊ అంది.

లోపల అధికారి వేరే ఫైలు చూస్తూ, గుమాస్తాను చదవమన్నాడు. అతను అందరికీ వినిపించేలా చదివాడు. గది నిండా జనం ఉన్నారు. గీత దగ్గరికి వచ్చేసరికి తలెత్తాడు.

"ఇదేంది పెద్దాయనా, పొరపాటున అని కొట్టేసి తెలిసి అని రాసినావు. రెంట్లో ఏది సదవల్ల?"

"రెండోది" అన్నాను.

వెనక వరసలోంచి ఎవరో, "కాలువ సారు గదా ఆయన!" అన్నారు. ఇంకొకరు, "ఆ సారా? ఛ, ఆయనగాదులే" అన్నారు. నేను వెనక్కి తిరగలేదు. ఆ రెండో గొంతు నాకు తెలిసినదే. చివరి ఆయకట్టు రైతు ఒకాయన. ఒక కరువు ఏడాది పై ఊరివాళ్లంతా నా అంకె తప్పని కేకలు వేస్తుంటే, నా పక్కన నిలబడినవాడు.

పింఛను మళ్లీ రావడానికి ఇంకా మూడు నెలలు పట్టింది. ఆమె నాకు చెప్పలేదు. కూరగాయల అంగడి దగ్గర కనిపించి నా భార్యతో చెప్పిందట.

"ఈ నెల ఇచ్చినారంట" అంది నా భార్య సంచీ దించుతూ. "ఆగిపోయిన నెలలవి ఇయ్యరంట. పోయినయి పోయినట్లేనంట."

"మన ఇంటికి వస్తానన్నిందా?"

"బడిలో వంటకు పోతాండాదంట. వస్తావా అని నేను అడగల్లే. నువ్వు గుడకా అడగొద్దు."

ఇప్పుడు గదులు నా పేరునే ఉన్నాయి. పన్ను నేనే కడుతున్నాను. దుప్పట్లు నేనే పిండుతాను, నా భార్య రెండో కొస పట్టుకుంటుంది. పాత అతిథులు వచ్చినప్పుడు, ఇక్కడ ఒకామె ఉండేదే అని అడుగుతారు. మానేసింది అని చెబుతాను. ఎందుకని ఎవరూ అడగరు.

పింఛను వచ్చిందని తెలిసిన రోజు, రాయడానికి డైరీ తెరిచి, రాయకుండా పాతది తీశాను. ఆ ముగ్గురి పట్టిక ఉన్న పేజీ వెతికాను. ఆమె పేరు ఎదుట ‘ప్రశ్నలు వేయదు’ అన్న మాట మీద ఒక గీత గీశాను. పక్కన, చోటు తక్కువగా ఉండటం వల్ల చిన్న అక్షరాలతో, "రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అబద్ధం చెప్పాను" అని రాసి, పొడి సంతకం పెట్టి, ఆ రోజు తేదీ వేశాను.